ఇస్త్రీ అవ్వ చెయ్యి

ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ పెట్టెతోనే బతికిన అవ్వ, వీధి పిల్లలకు దగ్గొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. జ్వరముంటే ఆసుపత్రికి పంపేది, లేకపోతే అల్లం, మిరియాలు వేసి కషాయం కాచేది. "అవ్వ చెయ్యుండగా థర్మామీటర్ దండగ" అనేవారందరూ.

కోడలు ఊరెళ్లిన రెండు రోజులూ మనవరాలు దగ్గింది. అవ్వ నుదురు తాకి, చల్లగానే ఉందనుకుని కషాయమే పట్టింది. కోడలు వస్తూనే పిల్లను ఎత్తుకుని కేక పెట్టింది.

"అత్తయ్యా, ఒళ్లు నిప్పులా కాలిపోతుంటే చూసుకోలేదా?"

అవ్వ మళ్లీ తాకింది. ఏమీ తెలియలేదు. పెట్టె వేడికి కాయలు కాచిన ఆ చెయ్యి ఎప్పుడు మొద్దుబారిందో దేవుడికే ఎరుక.

ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు ఆసుపత్రిలో. దేవుడి దయవల్ల పిల్ల గట్టెక్కింది గానీ, ఇప్పటికీ నాలుగడుగులకే ఆయాసపడుతుంది. కోడలు మళ్లీ పల్లెత్తు మాట అనలేదు. అత్తకు వేళకు అన్నం పెట్టి, దగ్గర కూర్చుని తినిపించింది. ఆ మంచితనానికే అవ్వ కుంగిపోయింది.

నిన్న పక్కింటావిడ దగ్గుతున్న కూతుర్ని తీసుకొచ్చింది. అవ్వ చేతులు వెనక్కి పెట్టుకుని, "మా కోడల్ని చూడమను తల్లీ" అంది.

కోడలు చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదు. అల్లం దంచండి అత్తయ్యా."

అవ్వ కదల్లేదు. "ఇంకోసారి చూడమ్మా" అంది.