మూత లోపలి గుర్తు

అది 2022. పటమటలో మా వాచీ షాపు ఎంతదంటే, నేను కూర్చుంటే కస్టమరు రోడ్డు మీద నిలబడాలి. ఒక ఉదయం కంకిపాడు నుంచి అన్నపూర్ణ గారు వచ్చారు. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. చేతిరుమాల్లో వాళ్ల నాన్నగారి పాత కీ వాచీ ఉంది. మూడు నెలలుగా నడవడం లేదు. లోపలి మిషను పారేసి బ్యాటరీది పెట్టించుకోమని ఎవరో చెప్పారట.

"అప్పుడది మా నాన్నగారి వాచీ ఎలా అవుతుందండీ?" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

డయల్ మీద కంపెనీ పేరు చెరిగిపోయిందని ఆవిడ దిగులు. పేరుతో పనిలేదని ధైర్యం చెప్పాను. వాచీ లోపలి యంత్రాన్ని మూవ్‌మెంట్ అంటాం. అందులో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ కింద చిన్న నంబరు ఉంటుంది. దాన్నిబట్టి అది ఏ మూవ్‌మెంటో, ఏ పార్టు పడుతుందో తెలుస్తుంది. కంటికి ఐగ్లాస్ పెట్టుకుని వెనక మూత తీసి చూశాను. నంబరు దొరికింది, అసలైన స్విస్ మూవ్‌మెంట్. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

నాకో జబ్బుంది. పాత రిపేరు కనపడితే చేసినవాణ్ణి తిట్టకుండా ఉండలేను. ఇందులో ఒక స్క్రూ ఈ వాచీది కాదు. టైంపీసుది తెచ్చి, తల ఆకురాయితో అరగదీసి బిగించారు. ఆయిలు సూదిమొనంత పెట్టాల్సింది, ఆవకాయలో పోసినట్టు పోశారు. అదంతా జిగురై చక్రాలు పట్టేశాయి. వాడి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చినవాణ్ణి అనాలని, వాడు సైకిల్ షాపులో ఉండాల్సినవాడని పావుగంట ఏకరువు పెట్టాను.

ఆవిడ శ్రద్ధగా విని, అదెవరో తెలుస్తుందా అని అడిగారు. ఎందుకు తెలీదు, రిపేరు చేసినవాళ్లం మూత లోపల గుర్తు గీస్తాం, ఇప్పుడే చెబుతానని మూతని వెలుతురుకి తిప్పాను.

కె.బి., 99.

నా గుర్తే. షాపు పెట్టిన కొత్తల్లోది. అప్పుడు వాళ్ల నాన్నగారే తెచ్చి ఉంటారు. ఇన్నేళ్లు సంపాదించుకున్న పేరు ఆ మూతలో పోయేలా ఉంది. అబద్ధమాడదామనిపించింది, ఆడాను కూడా.

"సరిగ్గా కనపడట్లేదండీ. అరిగిపోయింది."

"ఇలా ఇవ్వండి" అని ఐగ్లాస్ తీసుకున్నారు. ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దిన కళ్లవి. మూత చదివారు. తలెత్తి షాపు బోర్డు మీద నా పేరు చదివారు. మళ్లీ మూత చూశారు. నేను బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

"ఇరవై మూడేళ్లు నడిచింది కదండీ, పాస్ చేద్దాం" అన్నారు చివరికి. "తప్పులు మాత్రం దిద్ది ఇవ్వండి."

వారం పట్టింది. మూవ్‌మెంటంతా విప్పి కడిగాను. అదే నంబరున్న పాడైన వాచీ ఒకటి వెతికి, దాని స్క్రూ తీసి వేశాను. ఆ పని చేస్తుంటే గుర్తొచ్చింది, అప్పట్లో ఈ స్క్రూ కోసం బీసెంట్ రోడ్డులో షాపులన్నీ తిరిగి, దొరక్క, కస్టమర్ని ఉత్తచేతులతో పంపలేక అలా చేశాను. నేను తిట్టినవాళ్లలో ఇంకెందరు అలా తిరిగారో అనుకుంటే సిగ్గేసింది.

ఆవిడ వచ్చి వాచీని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. తరవాత మూత తీయించారు. గీసే సూది అడిగి తీసుకుని, నా కొత్త గుర్తు పక్కన రైటు మార్కు వేశారు.

అప్పట్నుంచి ఏ వాచీ వచ్చినా ముందు మూత లోపలి గుర్తు చదువుతాను. అది నాది కాదని తేలాకే నోరు తెరుస్తాను.