సగం తీసిన ఒట్టు

ఆ రోజుల్లో నేను చాలా చిన్నవాణ్ణి. వయసు అరవై దాటింది గానీ, అమెరికా పౌరసత్వం వచ్చి ఏడాదైనా కాలేదు కనుక ఓటరుగా నాది పాలుగారే ప్రాయం. ఆ ప్రాయానికి తగిన ఆవేశం కూడా ఉండేది. మోరిస్‌విల్‌లో ఆ ఏడు కౌంటీ పదవికి మా పార్టీ నుంచే ఇద్దరు పోటీపడ్డారు, ఒక రిటైరైన టీచరమ్మ, ఒక పళ్ళ డాక్టరు. నేను టీచరమ్మ వైపు. రెండు వీధుల అవతల ఉండే మా బావమరిది డాక్టరు వైపు. ప్రైమరీ అంటే ఒకే పార్టీవాళ్ళు ముందుగా తమలో తాము తేల్చుకునే పోటీ (ఇంటి గొడవ వీధిలో బోర్డులు పాతి మరీ పడటమన్నమాట). ఒక ఆదివారం మా ఇంట్లో పెసరట్లు తింటూ మాటా మాటా అనుకున్నాం. అతను ఎడమచెయ్యి నా నెత్తిన పెట్టి (కుడిచేతికి అల్లప్పచ్చడి ఉంది), "మీ టీచరమ్మే గెలిచినా సరే, నవంబర్‌లో అసలు ఎన్నికల్లో ఆవిడకి నా ఓటు పడదు. నీ మీద ఒట్టు బావా" అన్నాడు.

టీచరమ్మే గెలిచింది. బావమరిది మా గడప తొక్కడం మానేశాడు. మా ఆవిడ ఆ వేసవంతా తమ్ముడికిష్టమైన గుత్తివంకాయ వండి నాకు వడ్డించి, ఎదురుగా కూర్చుని దిగులుగా చూసేది. ఆ చూపుల మధ్య తినడం కష్టం (తిన్నాను).

నవంబర్ దగ్గరపడ్డాక, పార్టీవాళ్ళు మా కాలనీలో ఊగిసలాడే ఓటర్ల జాబితా నాకు అప్పగించారు. మొదటి పేరు బావమరిదిదే. ఫోన్ చేశాను.

"మీ డాక్టరే ఆవిడకి సపోర్ట్ చేస్తున్నాడు కదోయ్, ఇంకా నీకేంటి?"

"ఆయన ఒట్టు వేయలేదు బావా, నేను వేశాను. ఇప్పుడు మాట తప్పితే పోయేది నీ తలకాయ. నీ కోసమే ఆగుతున్నా."

ముప్ఫై ఏళ్ళు యంత్రాలు టెస్ట్ చేసినవాణ్ణి, ఇలాంటివి నమ్మనని చెప్పాను. స్పీకర్‌లో వింటున్న మా ఆవిడ మాత్రం నమ్మింది. "ఒరే, ఓటు సంగతి తర్వాత. ముందొచ్చి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు" అంది. చిన్నప్పుడు మేమందరం చేసిన పనే అది. వేసిన ఒట్టుని నెత్తిమీంచి తీసినట్టు తీసి, గట్టున పెట్టాననేస్తే దోషం పోతుంది.

మరి మోరిస్‌విల్‌లో గట్టేదీ? కాలనీ వెనక వాననీళ్ళు నిలిచే మడుగుకి ఒకటుంది. శనివారం పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం. బావమరిది నా నెత్తిన చెయ్యి పెట్టి, "ఒట్టు తీసి..." అన్నాడో లేదో, గట్టు మీది పెద్ద బాతు ఒకటి మెడ చాచి బుసకొడుతూ మా మీదికొచ్చింది. దాని వెనక దాని బంధువర్గం. ముగ్గురం పరిగెత్తి కార్‌లో పడి తలుపులేసుకున్నాం.

ఆయాసం తగ్గాక మా ఆవిడ, "ఇంతకీ పెట్టావురా?" అంది.

"తీశానక్కా. పెట్టేలోపే అదొచ్చింది."

"మరిప్పుడు ఎక్కడుంది?"

అతను తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. ముందు మా ఆవిడ నవ్వింది, తర్వాత మేమూ. ఆర్నెల్ల అలక ఆ కార్‌లోనే తీరిపోయింది. అటునుంచి అటే, ఎన్నికల రోజుకి ముందుగా ఓట్లు తీసుకునే లైబ్రరీకి డ్రైవ్ చేశాను. లోపలికెళ్ళి వచ్చిన బావమరిదిని, "ఎవరికేశావోయ్?" అని అడిగాను.

"రహస్య ఓటు బావా. అడగకూడదు."

ఆ సాయంత్రం నా కుడి కణత నొప్పి పుట్టింది. ఎడమ కణతని నొక్కి చూశాను, ఏమీ లేదు. మళ్ళీ కుడివైపు నొక్కాను, ఉంది. సగం తీసిన ఒట్టుకి సగం తలనొప్పి. అంటే ఓటు టీచరమ్మకే. మా ఆవిడకి చెప్పలేదు, మాత్ర కూడా వేసుకోలేదు. "కుడి కణత నొప్పి. ఓటు మనకే" అని డైరీలో రాసి పడుకున్నాను.

నిన్న ఆ పేజీ కనబడింది. మూడుసార్లు పరీక్షించనిదే ఏ యంత్రాన్నీ పాస్ చేయని ఆ పెద్దమనిషి, కణత పట్టుకుని అంత ఆనందంగా ఎలా నిద్రపోయాడో తెలియదు. తర్వాత ఎన్నో ఎన్నికలొచ్చాయి, తలనొప్పులూ వచ్చాయి గానీ, అంత హాయిగా ఒక్కటీ లేదు.