కందిరీగ అలిగిన సీజను

అమ్మమ్మకు కోపం వస్తే అరవదు. గిన్నెలు ఎత్తెయ్యదు. బొటనవేలితో చూపుడువేలి గోరును నెమ్మదిగా రుద్దుకుంటుంది, అంతే. ఆ వేలు కదలడం మొదలైందంటే తాతయ్య చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోతాడు. పగ పట్టడం నేర్చుకోవాలంటే పాములు కూడా ఆవిడ దగ్గరికే రావాలి.

ఇప్పుడు మెట్లు దిగడానికి గోడ పట్టుకుని, మెట్టుకొకసారి మెట్టు కట్టినవాణ్ణి తిట్టుకునే ఈ మనిషే ఒకప్పుడు రేసు కారు నడిపేది. పొట్టి మనిషి. హెల్మెట్ పెట్టుకుంటే కారులో పుచ్చకాయ కూర్చున్నట్టు ఉండేదని తాతయ్య ఇప్పటికీ అంటాడు, ఆవిడకు వినిపించనంత దూరంలో ఉన్నప్పుడు. ముందున్న కారు వెనకే అంటుకుని, మలుపు రాగానే లోపలి వైపు నుంచి దూరేదట. అందుకే ట్రాకు మీద అందరూ ఆవిడను కందిరీగ అనేవాళ్ళు.

ఆవిడ నడిపిన జట్టుకు రెండు కార్లు. ఒకటి అమ్మమ్మది, రెండోది ఓనరుగారి అల్లుడిది. అల్లుడు చెడ్డవాడు కాదు కానీ, మలుపు కనిపిస్తే ముందు గోడనే పలకరించేవాడు. ఆ ఏడాది అమ్మమ్మ మొత్తం మీద రెండో స్థానంలో నిలిచింది. అల్లుడు ఎక్కడ నిలిచాడో వెతకాలంటే పట్టికను కింది నుంచి చదవాలి.

సీజను అయిపోయాక క్యాంటీన్‌లో టీ తాగుతూ అల్లుడే నోరు జారాడు. "మా మామయ్య ఒట్టి పిసినారి అక్కా. ఈ జీతంతో ఎలా బతకమంటాడో!" అంటూ అంకె కూడా చెప్పాడు. అది అమ్మమ్మ జీతానికి సరిగ్గా రెట్టింపు. అమ్మమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. గోరు రుద్దుకోవడం మొదలైంది.

ఓనరుగారి గది వర్క్‌షాపు పైన ఉండేది. ఆయన భారీ మనిషి. కుర్చీలోంచి లేవాలంటే ముందు బల్లను ఒప్పించాలి. ఆయన వెనక అద్దాల బీరువా నిండా అమ్మమ్మ గెలిచిన కప్పులే.

"సార్, అల్లుడుగారికి ఇస్తున్నంతే నాకూ ఇవ్వండి. ఎక్కువేం వద్దు."

"అతనికి సంసారం ఉందమ్మా. నీకేం, సంపాదించే మొగుడున్నాడు."

"ఆయనకు సంపాదించే మామగారున్నారు కదా సార్."

ఓనరు మొహం గంటుపెట్టుకున్నాడు. "ఇదిగో, ఆడమనిషివని చూడకుండా కారిచ్చాను. అదే ఎక్కువ. ఇష్టమైతే నడుపు, లేకపోతే ఒక సీజను ఇంట్లో కూర్చో. ఒళ్ళు చల్లబడ్డాక నువ్వే వస్తావు."

"సరే సార్. కూర్చుంటాను," అంది అమ్మమ్మ.

మెట్లు దిగి నేరుగా కారు దగ్గరికి వెళ్ళి, తన సీటు బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.

రేసు కారు సీటంటే కుర్చీ కాదు. డొప్పలాంటి తొట్టిలో ఒక సంచి పరుస్తారు. డ్రైవరు అందులో కూర్చున్నాక సంచిలో ఏవో రెండు ద్రావకాలు కలిపి పోస్తారు. అది పాలు పొంగినట్టు పొంగి, వీపు చుట్టూ, నడుము చుట్టూ, తొడల పక్కన గట్టిపడిపోతుంది. అంతసేపూ తుమ్ము వచ్చినా తుమ్మకూడదు. అలా పోసిన సీటు ఆ ఒక్క ఒంటికే సరిపోతుంది. డబ్బు ఎవరు పెట్టినా సరే, డ్రైవరు జట్టు వదిలితే సీటు కూడా వెంట వెళ్ళాల్సిందే. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ ఒప్పుకున్న మర్యాద అది. ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుపోయినట్టు.

మెకానిక్కుల పెద్దను మేస్త్రీ అనేవాళ్ళు. ఆయన పానా అందిస్తూ నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేస్తే కంపు ఎవరికి? ఒక సీజను పోతే మళ్ళీ కారు దొరుకుతుందా? వెనక కుర్రాళ్ళు కాచుకుని కూర్చున్నారు."

"చెరువుకీ తెలియాలిగా మేస్త్రీ, నేను రాలేదని," అంటూ సీటును చంకనెత్తుకుంది.

బస్సులో కండక్టరు దానికి కూడా టికెట్ తియ్యమన్నాడు. "ఎందుకూ? నేను దీంట్లోనే కూర్చుంటాను, మీ సీటు మీరే ఉంచుకోండి," అని నడవలో సీటు వేసుకుని దాంట్లోనే ఇంటిదాకా వచ్చింది.

ఇంట్లో రెండు జట్లు తయారయ్యాయి. తాతయ్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. ఆయనకు ప్రతిదీ మసగ్గానూ భయంగానూ కనిపించేది. "నా ఒక్కడి జీతంతో ఎలాగోలా గడుస్తుందిలే. అది కాదు నా బాధ. నువ్వు కారెక్కకుండా ఉండగలవా? వచ్చే ఏడు నిన్ను ఎవరూ పిలవకపోతే ఏం చేస్తావ్?"

అమ్మమ్మ అత్తగారు మాత్రం మంచం మీంచే తీర్పు చెప్పేసింది. "మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుందిరా అబ్బాయ్! నువ్వూరుకో. అమ్మాయ్, నువ్వు కూర్చో. పగ తీర్చుకోవాలంటే ఒంట్లో సత్తువుండాలి, ముందు అన్నం తిను." ఆ రోజు మొదలుపెట్టిన వడ్డన ఆవిడ సీజను అయ్యేదాకా ఆపలేదు.

సీటును ముందు గదిలో కిటికీ పక్కన పెట్టారు. అమ్మమ్మ సాయంత్రాలు అందులో కూర్చుని, కాళ్ళు చాపి, లేని పెడళ్ళు తొక్కుతూ గోడ వంక చూసేది. ఆ గోడకు మలుపులు కనిపించేవేమో, ఉన్నట్టుండి మెడ పక్కకు వాలేది. తాతయ్య ఒకసారి సరదాగా కూర్చోబోతే నడుము పట్టేసింది.

ఇంట్లో కూర్చోమన్నాడు కానీ, రేసు చూడొద్దని ఓనరు అనలేదు కదా. మొదటి రేసుకే అమ్మమ్మ టికెట్ కొనుక్కుని వెళ్ళింది. ఓనరు నిలబడే చోటుకు సరిగ్గా ఎదురుగా, ట్రాకుకు అవతల అన్నిటికన్నా చవక మెట్లున్నాయి. కళ్ళలో పొడిచే పసుప్పచ్చ రుమాలు తలకు కట్టుకుని, ఒళ్ళో వేరుశెనక్కాయల పొట్లం పెట్టుకుని అక్కడ కూర్చుంది. చప్పట్లు లేవు, ఈలలు లేవు. కాయ ఒలిచి నోట్లో వేసుకోవడం, ఓనరు వంక చూడడం. మళ్ళీ కాయ ఒలవడం, మళ్ళీ చూడడం.

ఆవిడ కారుకు ఓనరు ఒక కుర్రాణ్ణి పెట్టాడు. వాడికి కొత్త సీటు పోయించాలంటే ఖర్చని, ఒక పాత తొట్టిలో దిండ్లు కుక్కి కూర్చోబెట్టాడు. మలుపు తిరిగినప్పుడల్లా వాడు ఒక పక్కకు, దిండు ఇంకో పక్కకు. ఒకసారి దిండు చిరిగి దూది కారులోంచి ఎగురుతుంటే, పొగ అనుకుని నీళ్ళబండి వెంటపడింది. అమ్మమ్మ నవ్వలేదు. ఇంకో కాయ ఒలిచింది.

రేసులు గడిచేకొద్దీ ఓనరు ట్రాకు చూడడం మానేసి మెట్ల వంకే చూడడం మొదలుపెట్టాడు. పసుపు రంగు ఏది కనిపించినా ఉలిక్కిపడేవాడట. టైర్లు మార్చడానికి అల్లుణ్ణి ఎప్పుడు లోపలికి పిలవాలో మర్చిపోయి, ఒకసారి టైర్లన్నీ అరిగిపోయేదాకా తిప్పించాడు. "ఆ మనిషిని అక్కణ్ణుంచి లేపండిరా!" అని అరిస్తే మేస్త్రీ వినయంగా, "టికెట్ కొన్నారు సార్," అన్నాడు.

సీజను సగంలో ఒకరోజు అమ్మమ్మ పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. టైర్ల కొట్టాయన. ఆయనకూ సొంతానికి ఒక కారుంది. ఎన్నో ఏళ్ళుగా అమ్మమ్మ వెనకే వస్తూ ఉన్న కారు.

"ఇంకెన్నాళ్ళు ఎదురుగా కూర్చుంటావమ్మా? వచ్చే సీజనుకు మా కారెక్కు. ఆ అల్లుడికి ఎంతిస్తున్నారో అంతా ఇస్తాను. నాకూ ఆ పెద్దమనిషి మీద కాస్త మంటుందిలే."

అమ్మమ్మ పొట్లం ఆయన వైపు జరిపింది. "తినండి. సీజను అయ్యాక చెబుతాను."

"అంతవరకూ నేనాగొద్దూ? వేరే డ్రైవర్లు కూడా అడుగుతున్నారు."

"ఆగితే ఆగండి."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే తాతయ్య ఎగిరి గంతేశాడు. మిగతా సగం విని కూలబడ్డాడు. "నోటి దగ్గరికొచ్చిన ముద్దను తోసేస్తావా? అడిగినంతా ఇస్తానన్నాడు కదే! ఇంకేం కావాలి నీకు?"

"ఆయన మన గుమ్మం తొక్కాలి."

"ఎవరు?"

"ఓనరు. కూర్చోమన్న నోటితోనే లే తల్లీ అనాలి. అన్నాక నేను రానని చెప్పాలి. ఇప్పుడే వేరే చోట చేరితే, దానికి దిక్కులేక పోయిందని ఊరంతా చెప్పుకుంటాడు."

"రాకపోతే?"

అమ్మమ్మ వేలు గోరు మీదికి వెళ్ళింది. తాతయ్య చెప్పులు వేసుకున్నాడు.

ఆ మిగతా సీజను ఆవిడకు అంత తేలిగ్గా గడవలేదు. రేసు నుంచి వచ్చి మంచం మీద పడుకుని, కుడి పాదం దానంతటదే లేని పెడల్ నొక్కుతుంటే ఎడమ పాదంతో తొక్కిపెట్టేది. సాయంత్రాలు కిటికీ పక్కన కూర్చోవడం కూడా మానేసింది. ఎందుకు మానేసిందో అత్తగారొక్కరే కనిపెట్టింది. కనిపెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంకో గరిటె వడ్డించింది.

చివరి రేసులో కుర్రాడు దిండుతో సహా గడ్డిలోకి పోయాడు. అల్లుడు ఆ సీజనుకు ఆఖరుసారి గోడను పలకరించాడు. మర్నాడు సాయంత్రం గుమ్మం ముందు కారాగింది. ముందు మేస్త్రీ దిగాడు. ఆ తర్వాత, చాలాసేపటికి, ఓనరు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. గుమ్మంలోనే రెండు చేతులూ జోడించాడు. ఇంట్లో ఉన్న కుర్చీల మీద ఆ రోజే ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. అత్తగారు మంచం మీంచి ఎంతో మర్యాదగా కిటికీ వైపు చెయ్యి చూపించింది. "నిలబడ్డారేం బాబూ, అలా కూర్చోండి."

ఓనరు అమ్మమ్మ సీటులో కూర్చున్నాడు. కూర్చోవడమంటే దిగబడడమే. తొట్టి ఒకసారి కిర్రుమంది. మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి.

"అమ్మా, జరిగిందేదో జరిగింది. అల్లుడితో సమానంగా ఇస్తాను."

అమ్మమ్మ గోరు రుద్దుకుంటోంది.

"సరే, అతని కంటే కాస్త ఎక్కువే ఇస్తాను. వాణ్ణి మానిపించమన్నా మానిపిస్తాను. నువ్వు మాత్రం ఎదురుగా కూర్చోవద్దు తల్లీ. నాకు నిద్రలో కూడా వేరుశెనక్కాయల చప్పుడు వినిపిస్తోంది. లే, లేచి రా."

అమ్మమ్మ చెయ్యి ఆగింది. "నేను రాను సార్. టైర్ల కొట్టాయన కారెక్కుతున్నాను."

ఓనరు మొహం ఎర్రబడింది. విసురుగా లేవబోయాడు. సీటు కూడా ఆయనతో పాటే లేచింది. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. నడుమును సీటు దవడల్లా పట్టుకుంది.

"కంగారు పడకండి సార్. ఆ సీటు మీరే ఉంచుకోండి," అంది అమ్మమ్మ. "అత్తయ్య చేతి అన్నం తిని నాకెప్పుడో బిగుతైపోయింది. నేను వేరేది పోయించుకుంటాను."

"నూనె పొయ్యండిరా!" అంది అత్తగారు. చివరికి మేస్త్రీ ఒక రెక్క, తాతయ్య ఒక రెక్క పట్టుకుని గుంజారు. సీసా మూత ఊడినట్టు చప్పుడైంది. ఓనరు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ప్యాంటు ఎక్కడ చిరిగిందో మేస్త్రీ దారిలో చెప్పే ఉంటాడు.

వాళ్ళటు వెళ్ళగానే అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు బిగించి టైర్ల కొట్టుకు పరుగు తీసింది. దారంతా ఒకటే ఆలోచన, ఆయన ఇంకెవరినైనా పెట్టేసుకుని ఉంటే? కొట్టాయన టైరు మీద కూర్చుని తాపీగా టీ తాగుతున్నాడు.

"వస్తున్నాను. కారు ఉందా?"

"అదేంటమ్మా, రెండు నెలల కిందే ఖాయం అయిపోయిందిగా! నువ్వు తప్పకుండా వస్తావని, నీ ముందు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండమని మీ ఆయన వచ్చి చెప్పాడు. అప్పటి నుంచీ వారానికోసారి వచ్చి, ఇంకెవరికీ మాటివ్వలేదు కదా అని అడిగి వెళ్తున్నాడు. నా కళ్ళద్దాలు కూడా ఉట్టినే మార్చాడు."

అమ్మమ్మ ఇంటికొచ్చి తాతయ్యతో వారం రోజులు మాట్లాడలేదు. తన పగలో ఆయన వేలు పెట్టాడట. ఆ వారమంతా ఆయన అన్నంలో నెయ్యి మాత్రం రెండింతలుండేది.

మరుసటి సీజను అమ్మమ్మ నాలుగో స్థానంలో వచ్చింది. ఏడాది కూర్చున్నది ఒంట్లో కనిపించింది, మొదటి రేసుల్లో చెయ్యి బరువుగా తిరిగింది. ఆ తర్వాత ఎన్నడూ రెండో స్థానం దాకా రాలేదు. ఆ ఏడాది అలక్కుండా ఉంటే మొదటి కప్పు కొట్టేదానివేమో కదా అని ఎవరైనా అంటే, అమ్మమ్మ వేలు గోరు మీదికి వెళ్తుంది.

"నాకు నాలుగొచ్చిన ఏడు ఆ ఓనరు కార్లు రెండూ ఎన్నో స్థానంలో వచ్చాయో కూడా అడుగు," అంటుంది.

ఎవరూ అడగరు. ఆవిడే చెబుతుంది. ఐదు, పన్నెండు. ఒక్కసారి కూడా తప్పు చెప్పదు.