మొలవని పెసలు

మా ఇంట్లో విత్తనాల గురించి నేను నోరు మెదపకూడదని కొత్తగా రూలు పెట్టారు. ఎందుకో చెప్తా, ముందు ఆ టీ ఇలా ఇవ్వండి.

నా ఉద్యోగం తెలుసుగా. పంజాగుట్టలో విత్తనాల కంపెనీ ఆఫీసు. గింజ మొలవలేదని రైతులు ఫోన్ చేస్తే ఎత్తేది నేనే. పొద్దస్తమానం ఒకటే పాట: "విత్తనం మంచిదే అన్నా, మీ నీళ్లు ఓసారి చూసుకోండి." చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చేసింది.

ఆరో క్లాసు చదివే మా హాసినికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. ఏ ద్రవంలో గింజలు బాగా మొలుస్తాయో చూసి సోమవారం క్లాసులో చెప్పాలి. "మా నాన్నది ఆ డిపార్ట్‌మెంటే" అని టీచర్‌కి ముందే చెప్పేసి వచ్చింది. ఇంకేముంది, దాని మార్కులతో పాటు నా పరువూ సోమవారానికి ముడిపడింది.

వంటింటి డబ్బాలోంచి గుప్పెడు పెసలు తీశాను. గ్లాసుల్లో దూది పరిచి, పెసలు చల్లి, ఒకదాంట్లో నీళ్లు, మిగతావాటిలో మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు, చల్లారిన టీ పోశాం. "నీళ్లలోవి రేపటికల్లా మొలకలు పెడతాయి చూడు" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. నిమ్మరసంలో మొలవలేదంటే సరే. మామూలు నీళ్లలోవి కూడా గుడ్లు మిటకరించి నన్నే చూస్తున్నాయి.

"ఏంటి నాన్నా ఇది?"

"విత్తనం మంచిదే అమ్మా, మన బోరు నీళ్లలోనే ఏదో తేడా."

అలవాటైన నోరు కదా. ఆ సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో మారే ఓపిక లేక దిగిపోయి, మధురానగర్ దాకా మినరల్ వాటర్ సీసా మోసుకుంటూ నడిచాను. మళ్లీ అదే డబ్బా, మళ్లీ గుప్పెడు పెసలు.

ఆదివారానికి వాసన వచ్చింది గానీ మొలక రాలేదు. హాసిని కళ్లలో నీళ్లు. దాని పక్కన కూలబడి నేనూ ఏడుద్దామనిపించింది.

గ్లాసులు పక్కకి జరపబోయి మా అత్తయ్యగారు ఆగారు. "ఇవి ఆ స్టీలు డబ్బాలో పెసలా బాబూ? పురుగు పడుతున్నాయని మొన్న దోరగా వేయించి పోశానే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ?"

"విత్తనాల ఆఫీసులో చేస్తారు కదా, మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నా."

సోమవారం హాసిని క్లాసులో ఉన్నదున్నట్టు చెప్పింది: వేయించిన పెసలు ఏం పోసినా మొలవవని. మార్కులు బాగానే వచ్చాయి. క్లాసంతా చప్పట్లు కొట్టిందట, టీచర్ "మీ నాన్నని ప్రత్యేకంగా అడిగానని చెప్పు" అన్నారట.

నిన్న ఆఫీసులో ఫోన్. "సారూ, గింజ మొలుస్తలేదు. నీళ్లు సుత మంచిగనే ఉన్నయి."

పాత పాట నోట్లోంచి రాలేదు. "అన్నా, ఇంట్లో ఎవరైనా వేయించారేమో ఓసారి అడగండి" అన్నాను.

అవతలాయన మెల్లగా అన్నాడు.

"సారూ, పొద్దుగాల ఏమన్న తిన్నరా, లేదా?"