ఏటిగట్టు ఫోటో కోసం రాజమండ్రి వెళ్ళి లెన్సు తెచ్చుకున్నాను

నాలుగేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ముందు అది చెప్పేస్తాను, తరవాత ప్రయాణం సంగతి. మాది మండపేటకి దిగువన గోదావరి గౌతమి పాయ ఒడ్డున ఉన్న ఊరు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఏటిగట్టు మీద లస్కరుగా చేసి రిటైరయ్యాను. లస్కరంటే వరద రోజుల్లో గట్టు మీద తిరుగుతూ ఎక్కడ నీరు ఊరుతోందో, ఎక్కడ మన్ను జారుతోందో చూసి పైవాళ్ళకి చెప్పే మనిషి. నాలుగేళ్ళ కిందట మా ఊరి దగ్గర గట్టుకి ఏటివైపు పేర్చిన రాళ్ళు కొన్ని ఊడిపోయి, వాటి వెనక మనిషి దూరేంత గుల్ల పడింది. అర్జీ రాయించి ఇరిగేషన్ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అప్పుడున్న ఇంజనీరు గారు అది చదివి, "ఎలక కన్నానికి ఎస్టిమేటు వెయ్యమంటావేంటయ్యా?" అన్నారు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. నేను ఎలక కన్నానికీ గట్టు గుల్లకీ తేడా తెలియని మనిషినని ఆయన అనుకున్నారు. ఆ మాట ఆయన మరిచిపోయి ఉంటారు. నేను మరిచిపోలేదు.

తరవాత వచ్చిన ఇంజనీరు గారు మర్యాదస్తులు, ఫోటో తెమ్మన్నారు. మండపేటలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే మా మేనల్లుడు సత్తిబాబు, కొత్తది కొనుక్కున్నాక తన పాత డిజిటల్ కెమెరా నాకిచ్చాడు. లెన్సు విప్పి వేరేది పెట్టుకునే రకం అది. పడవలో దగ్గరగా వెళ్ళి గుల్ల ఫోటో తీశాను. అది చూసి ఇంజనీరు గారు, ఇది ఏ గట్టో, ఎక్కడిదో ఎలా తెలుస్తుందండీ, పక్కన కిలోమీటరు రాయి కూడా పడాలి, దాని మీద అంకె చదవడానికి రావాలి అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ రాయి గట్టు నెత్తిన ఉంటుంది, గుల్ల అడుగున ఉంది. పడవలోంచి తలెత్తితే గట్టు అంచు అడ్డమొచ్చి రాయి కనపడదు. ఏటి పాయకి అవతల, మూడు వందల గజాల దూరంలో ఉన్న లంక మెరక మీద నిలబడితేనే రెండూ కనపడతాయి. అక్కడినుంచి కెమెరాతో వచ్చిన చిన్న లెన్సుతో తీస్తే, రాయి బియ్యపు గింజంత పడింది.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, మీరు చెయ్యకుండా ఉంటారు. సత్తిబాబు బీరువాలో రీలు కెమెరాల నాటి పొడుగు లెన్సు ఒకటి ఉంది. అది వేరే కంపెనీది, నా కెమెరాకి ఎక్కదు. వాడు వద్దు మావయ్యా అంటున్నా వినకుండా, మండపేటలో రైసు మిల్లు సామాన్లు చేసే లేతు షాపుకి రెండూ పట్టుకెళ్ళి మధ్యలోకి ఇత్తడి రింగు చేయించాను. మిల్లులో ఎంత పెద్ద షాఫ్టుకైనా రింగు వేసి అతికించే మనుషులు, ఈ పిడికెడు లెన్సు ఓ లెక్కా అనుకున్నాను. లేతు ఆయన ఒక పూట కూర్చుని చేశాడు. రింగు టక్కున కూర్చుంది. లంకలో నిలబడి ఎంత తిప్పినా గట్టు మాత్రం పాలు ఒలికినట్టే ఉంది. ఆ ఫోటో కూడా ఆఫీసుకి తీసుకెళ్ళాను, అది నా మొండితనం. "ఆ రోజు మంచు పట్టిందాండీ?" అని అడిగారు ఇంజనీరు గారు. ఆయన వెటకారానికి అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మంగళవారం పొద్దున్న, కెమెరా, పొడుగు లెన్సు, ఇత్తడి రింగు మూడూ తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని బయల్దేరాను. సత్తిబాబుకి అన్నవరం కొండ మీద పెళ్ళి ఉంది, రాలేనన్నాడు. మండపేటలో ఏడు గంటలకి రాజమండ్రి బస్సు, ద్వారపూడి మీదుగా వెళ్తుంది. గంటంపావు ప్రయాణం, టికెట్టు పదహారు రూపాయలు. పొద్దున్న బస్సులో ధాన్యం కమీషన్ వాళ్ళు, కాలేజీ పిల్లలు ఉంటారు, సీటు కావాలంటే పావుగంట ముందే వెళ్ళాలి. బస్సు కాంప్లెక్సులో దిగి ఇడ్లీ తిని ఆటో ఎక్కాను, కోటగుమ్మానికి పాతిక రూపాయలు తీసుకున్నాడు. కెమెరా షాపులు పది గంటలకి గాని తెరవరు. తొందరపడి వెళ్తే నాలాగే అరుగు మీద కూర్చోవాలి.

షాపు యజమాని నా వయసే ఉంటాడు, తండ్రి నాటినుంచి అదే వ్యాపారమట. సంచీ చూసి, "మనవడి కోసమాండీ?" అన్నాడు. నా కోసమే అన్నాను. కెమెరా బల్ల మీద పెట్టాను, రింగు కూడా పెట్టాను. ఆయన రింగు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వుతాడేమో, నవ్వితే లేచి వచ్చేద్దామనుకున్నాను. నవ్వలేదు.

"పని బాగా చేశాడండి మీ లేతు ఆయన. కాపోతే అసలు ఈ పనే చెయ్యకూడదు," అన్నాడు.

తరవాత విడమరిచి చెప్పాడు. లెన్సు వెనక అంచునుంచి లోపల బొమ్మ పడే పలక దాకా ప్రతి కంపెనీకీ ఒక కొలత ఉంటుందట. మధ్యలో మందపాటి రింగు పెడితే ఆ కొలత పెరిగిపోతుంది. అప్పుడు దగ్గరున్న పువ్వు స్పష్టంగా వస్తుంది, దూరానున్న గట్టు ఎప్పటికీ రాదు. ఈ ముక్క నాకు వెంటనే ఎక్కింది. తూము తలుపు కింద చిన్న పలక ఇరుక్కుంటే తలుపు పూర్తిగా దిగదు, ఎంత తిప్పినా నీరు కారుతూనే ఉంటుంది. సత్తిబాబు వద్దన్నాడు గాని ఎందుకో చెప్పలేదు. బహుశా వాడికీ తెలిసి ఉండదు.

మూడు లెన్సులు బల్ల మీద పెట్టాడు. మొదటిది నా కెమెరా కంపెనీదే, లోపల మోటారు ఉంది, చెయ్యి వణికినా సర్దుకుంటుంది, పాతిక వేలు. రెండోది అదే కంపెనీ చాలా పాతది, చవక, ఎక్కుతుంది గాని నా కెమెరా దాంతో వెలుతురు కొలవదు, అంతా మనమే అంచనా వేసుకోవాలి. కంపెనీ పేరు ఒకటైనంత మాత్రాన సరిపడిపోతుందనుకోవద్దు అన్నాడు. మూడోది వేరే కంపెనీ తయారుచేసినా నా కెమెరా మూతికి సరిపడేలా చేసిందే, డెబ్బై నుంచి మూడు వందల మిల్లీమీటర్ల జూము, వెలుతురు కొలత కెమెరాయే చూసుకుంటుంది. దాంట్లో మోటారు లేదు. కొన్ని కెమెరాల్లో మోటారు కెమెరాలోనే ఉంటుందట, నా దాంట్లో అదీ లేదు. అంచేత ఫోకసు చేత్తో తిప్పుకోవాలి. ఆరు వేల రెండు వందలు.

"గట్టు ఎక్కడికీ పరిగెత్తదు కదండీ, మోటారు నాకెందుకు," అన్నాను. మూడోదే తీసుకుంటానని, కానీ బయట దూరంగా ఉన్నదేదైనా తీసి చూశాకే అని చెప్పాను. నా గడియారం విప్పి హామీగా బల్ల మీద పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, షాపుని గుమాస్తాకి అప్పగించి తనే నాతో పుష్కరఘాటు దాకా నడిచి వచ్చాడు. ఏటి మధ్యలో ఇసుక పడవ ఒకటి ఉంది. దాని పక్కన రాసిన నంబరు ఫోటో తీశాను. తెర మీద పెద్దది చేసి చూస్తే అంకెలు రెండేసిగా పడ్డాయి.

"లెన్సు మంచిదేనండి. చెయ్యి వణికింది," అన్నాడు.

నా చెయ్యి వణకదన్నాను. ఆయన మెట్ల పక్క రాతి స్తంభం చూపించి దాని మీద ఆనించి తియ్యమన్నాడు. ఈసారి నంబరు అచ్చు వేసినట్టు వచ్చింది. షాపుకి తిరిగొచ్చి డబ్బిచ్చాను.

ఒంటి గంట బస్సుకి తిరిగొచ్చి, ఇంట్లో నాలుగు ముద్దలు తిని మూడున్నరకి పడవెక్కాను. లంకకి పడవ మనిషికి మూడు రూపాయలు. మా గట్టు ఫోటో తియ్యాలంటే సాయంకాలమే వెళ్ళాలి, ఎండ వెనకనుంచి గట్టు మీద సూటిగా పడుతుంది. లంకలో వంగతోట వేసిన మంగమ్మ కాయలు కోస్తోంది. కెమెరా ఆనించడానికి ఏదైనా ఇవ్వమంటే రెండు ఖాళీ వంకాయల బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, పైన తన గోనె మడిచి వేసింది. మోకాళ్ళ మీద కూర్చుని లెన్సు నెమ్మదిగా తిప్పాను. ముందు గడ్డి, తరవాత రాళ్ళు, తరవాత నల్లగా గుల్ల, దాని పైన తెల్ల రాయి మీద ఇరవై ఏడు. నాలుగేళ్ళు పట్టింది ఆ అంకె గుల్లతో కలిసి పడడానికి.

ఫోటో తీశాక తెర మీద చూస్తుంటే ఇంకోటి కనపడింది. గట్టు నెత్తి గీత తిన్నగా లేదు. రాయికి అటూ ఇటూ ఓ ఇరవై గజాల మేర కిందికి వంగి ఉంది. కెమెరా వంకరగా పెట్టానేమోనని సర్ది మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే. గుల్ల పైన ఉన్న గట్టు కుంగిపోతోంది. నేను రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్నే నడిచేది దాని మీదే. కాళ్ళ కింద ఉన్నది నాకు తెలియలేదు. ఇదివరకు ఇదే మెరక మీద నిలబడి తీసినప్పుడు నా చూపంతా రాయి మీదే ఉంది. మంగమ్మని పిలిచి చూపించాను.

"ఇదాండీ, రెండేళ్ళై ఇలాగే ఉంది బాబాయి గారూ. మాకు ఇట్నుంచి కనపడుతూనే ఉంటుంది," అంది.

"మరి చెప్పలేదేం?"

"మమ్మల్నెవరడిగారండి? గట్టు సంగతి మీకు తెలిసినంత మాకేం తెలుస్తుంది," అని కాయలు కోసుకోడానికి వెళ్ళిపోయింది.

ముప్పయ్యొక్క ఏళ్ళ ఉద్యోగంలో నేను ఒక్కనాడూ లంకలోకి వెళ్ళి, మీకేం కనపడుతోందని ఎవర్నీ అడగలేదు. అడిగితే నా పరువు తక్కువనుకున్నాను. ఇంజనీరు గారు నా మాట వినలేదని నాలుగేళ్ళు కోపం పెట్టుకున్నవాణ్ణి, ఏటి అవతల మనుషుల మాట నేనూ వినలేదు. ఈ సంగతి రాయడం నాకిష్టం లేదు. నేను చెబుతుంటే టైపు చేస్తున్న మండపేట నెట్ సెంటరు అమ్మాయి, ఇది ఉంచమంటారా తీసెయ్యమంటారా అని అడిగింది. ఉంచమన్నాను. ఆ అమ్మాయి చదివి వినిపించాక కూడా ఉంచమనే అన్నాను.

లెన్సు కొనడానికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మీ కెమెరా వెంట తీసుకెళ్ళి, లెన్సు దానికి తగిలించి, షాపు బయటికొచ్చి బాగా దూరంగా ఉన్న రాత ఏదైనా ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి చదవండి. చదవగలిగితేనే కొనండి. షాపు లోపల గోడ మీద బొమ్మ తీసి మురిసిపోవద్దు.

ఇక ఆఫీసు వారికి. ఫోటోలు రెండూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అందినట్టు మీ గుమాస్తా సంతకం నా దగ్గరుంది. గుల్లా, రాయీ, రాయి మీద అంకే, కుంగిన గట్టూ అన్నీ ఒకే ఫోటోలో ఉన్నాయి. జూలైలో వరదతో ఏరు ఎర్రగా వస్తుంది. ఆ గట్టు ఇవతల మా ఊళ్ళో మూడు వందల ఇళ్ళున్నాయి. రాతిపని పూర్తవడానికి నెల పడుతుందని నాకంటే మీకే బాగా తెలుసు. పని ఎప్పుడు మొదలుపెడతారో, ఎవరు చేస్తారో మే ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదు గంటల్లోగా నాకు జవాబు కావాలి. నోటి మాట కుదరదు, కాగితం మీద సంతకంతో రావాలి.