అన్నం తినకుండా వెళ్ళిపోయింది నేను కాదు

నరదిష్టికి నల్లరాయి కూడా పగులుతుందని మా నాయనమ్మ అంటే నేను నవ్వేదాన్ని. నేను జియాలజీలో పరిశోధన చేస్తున్నాను. రాళ్ళు ఎండకూ వానకూ పగులుతాయి, లోపలి ఒత్తిడికి పగులుతాయి, మనుషుల కళ్ళకు పగలవు. దయ్యాలంటారా, మా హాస్టల్లో మూడో అంతస్తు బాత్రూమ్‌లో ఎవరో ఏడుస్తారని అమ్మాయిలు జంటలుగా వెళ్తుంటే నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. అక్కడ ఏడ్చేది కుళాయి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి నన్ను భయస్తురాలు అనుకోవద్దు. కుళ్ళుబోతు అనుకోండి, ఒప్పుకుంటాను.

సింధు, నేను ఎమ్మెస్సీ నుంచి ఒకే క్లాసు. ఇప్పుడు ఒకే గైడు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాం. తను అంబర్‌పేట్‌లో అమ్మానాన్నలతో ఉంటుంది. నాది నల్గొండ పక్కన పల్లె, తార్నాకలో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటాను. ఇంత పెద్ద ఊళ్ళో నాకు ఒంట్లో బాగాలేదంటే వచ్చే మనిషి తనొక్కతే. ఆదివారాలు వాళ్ళింట్లోనే తినేదాన్ని. వాళ్ళమ్మ నన్ను బిడ్డా అనే పిలిచేది.

నా ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఐదేళ్ళది. ఛార్జర్ పిన్ను ఒక పక్కకు వంచి, కింద పుస్తకం ఎత్తు పెడితేనే ఛార్జింగ్ ఎక్కుతుంది. ఒక ఫోటో తీయాలంటే పది ఫోటోలు తుడిచెయ్యాలి. క్యాంపస్ క్యాంటీన్లో టీకి స్కాన్ చేస్తే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనక లైను పెరుగుతుంది, క్యాంటీన్ ఆయన నా మొహం వంక చూస్తాడు, చివరికి సింధు కట్టేస్తుంది. తెర అడ్డంగా పగిలింది. అది మార్పించే ఖర్చుకు ఇంకో నాలుగు వేలు కలిపితే పాతదే ఇలాంటిది ఇంకొకటి వస్తుంది.

కొత్తది కొనాలని ఏడాదిగా చూశాను. నిజంగానే చూడటం వరకే. ఒక మోడల్ మీద మనసు పడింది. దాని కెమెరా, బ్యాటరీ, ఎన్నేళ్ళు అప్‌డేట్లు వస్తాయి, అన్నీ కంఠతా. షాపింగ్ యాప్‌లో కార్ట్‌లో వేసుకుని రోజూ పొద్దున లేవగానే ధర చూసుకునేదాన్ని. ధర తగ్గిన నెల ఫెలోషిప్ పడేది కాదు, ఫెలోషిప్ పడిన నెల ఆఫర్ అయిపోయేది.

ఒకరోజు సింధు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, "ఏ ఫోన్ తీస్కోవాలెనే? నాకేం తెల్వది, నువ్వే చెప్పు" అంది. వేరేది ఏదో ఒకటి చెబుదామనే అనుకున్నాను. కానీ కంఠతా పట్టిన పాఠం కదా, నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. ఆ సాయంత్రమే తార్నాకలో షాపుకు వెళ్ళి అదే ఫోను, నేను అనుకున్న ఆకుపచ్చ రంగుతో సహా, కొనేసింది. నువ్వు చెప్పిందే కదా అని డబ్బా సీలు నా చేతే చింపించింది. పాత ఫోన్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి మార్చి ఇచ్చింది కూడా నేనే.

ఆ కెమెరాతో తను టీ గ్లాసులు తీసేది. నేనేమో ఫీల్డ్‌కు వెళ్ళినప్పుడు రాతి పొరలను దగ్గరగా తీయడానికి అది కావాలనుకున్నదాన్ని. ఆ ఫోను తన చేతిలో కనిపిస్తే చాలు, కడుపులో మండేది. తన మీద కోపం లేదు. తను నాకు ఏ అన్యాయమూ చేయలేదు. అది తెలిసి కూడా మండేది.

ఆ చలికాలంలోనే సింధు వాళ్ళక్కకు పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు ఆదివారం పడింది. వాళ్ళ డాబా మీద షామియానా వేసి పాపను తొట్టెలో వేసే ఫంక్షన్ పెట్టుకున్నారు. "పొద్దుగాల్నే రావాలె. నా ఫోన్‌తోని ఫోటోలన్నీ నువ్వే తియ్యాలె" అంది సింధు. ఫోన్ తనది, ఫోటోల్లో ఉండేది వాళ్ళు, తీసేది నేను. నవ్వి సరేనన్నాను.

శనివారం సాయంత్రం నా ఫోన్ పగులు గీరుకుని కుడి బొటనవేలు తెగింది. మెడికల్ షాపులో నీలం రంగు ప్లాస్టర్ ఇస్తే వేసుకున్నాను. ఆదివారం పొద్దున్నకి జ్వరం. జ్వరం నిజమే, కానీ వెళ్ళలేనంత జ్వరం కాదు. ఒక మాత్ర వేసుకుంటే వెళ్ళగలిగేదాన్నే. రాలేనని మెసేజ్ పెట్టాను. పెట్టాక కాస్త హాయిగా కూడా అనిపించింది.

ఆ రోజు నేను ఎక్కడున్నానో వివరంగా రాస్తాను. నా గదిలో, నా మంచం మీద. బయటికి వెళ్ళే ఎవరైనా సంతకం పెట్టనిదే మా హాస్టల్ ఆంటీ గేటు తీయదు. ఆ తేదీన రిజిస్టర్లో నా సంతకం లేదు. వంట చేసే యాదమ్మక్క ఒంటిగంటకు జావ తెచ్చి ఇచ్చింది, రెండింటికి గిన్నె కోసం మళ్ళీ వచ్చింది. నా ఫోన్లో లొకేషన్ హిస్టరీ తీస్తే రోజంతా హాస్టల్ దగ్గర ఒకే చుక్క.

ఆ గంటసేపూ నేను సింధు పెడుతున్న స్టేటస్‌లు చూస్తున్నాను. పడుతూ లేస్తూ ఒక్కోటే తెరుచుకునేది. తొట్టెకు కట్టిన బంతిపూల రేకుల మీద నీటి చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పాపను చూడలేదు. ఫోటో ఎంత బాగా వచ్చిందో చూశాను. ఆ ఫోను నా చేతిలో ఉండాల్సింది అని పళ్ళు బిగించి అనుకున్నాను. తరవాత ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. "ఏంది పిల్లా, కండ్లు తెర్సుకునే పండుకున్నవ్? మూడుసార్లు పిల్సిన" అని యాదమ్మక్క కుదిపితే ఉలిక్కిపడ్డాను.

సోమవారం డిపార్ట్‌మెంట్‌లో సింధు నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం నేనే వెంటపడి అడిగితే అంది, "వచ్చినదానివి తినకుంట పోతవానే? అమ్మ ఎంత బాధపడ్డదో తెల్సా?"

శుభకార్యానికి వచ్చి అన్నం ముట్టకుండా పోవడమంటే మా వైపు ఆ ఇంటిని కాదనుకోవడమే. నేను జోక్ అనుకుని నవ్వాను. తను నవ్వలేదు. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది.

తీసింది సింధు. ఒంటిగంట నలభై ఎనిమిదికి. తొట్టె చుట్టూ ఆడవాళ్ళు వంగి పాపను చూస్తున్నారు. వాళ్ళ వెనక, వాటర్ ట్యాంకు పక్కన, హాస్టల్లో రోజూ వేసుకునే నా బూడిదరంగు నైట్ డ్రెస్‌లో, జుట్టు విరబోసుకుని నేను నిలబడి ఉన్నాను. మసకగా కాదు. ఆ కెమెరా సంగతి నాకు తెలుసు, దగ్గరికి లాగినా చెదరదు. లాగి చూశాను. కుడి బొటనవేలికి నీలం ప్లాస్టర్ ఉంది. ఆ వేలు తెగాక సింధు నన్ను చూడటం ఆ సోమవారమే మొదలు.

ఆ ఫోటో ఉన్నదున్నట్టు పంపించుకుని రెండు రోజులు కొట్టుకున్నాను. నాలాంటి మనిషి వాళ్ళ చుట్టాల్లో ఎవరూ లేరు. గ్రూప్ ఫోటోల్లో కళ్ళు మూసినవాళ్ళ మొహాలు మార్చే ఫీచర్ ఉంటుంది కదా, అదేమో అనుకున్నాను. అది మొహం మారుస్తుంది గానీ, లేని మనిషిని, అదీ ప్లాస్టర్‌తో సహా, ఎక్కడి నుంచి తెస్తుంది? మెట్రో స్టేషన్ కింద ఫోన్లు రిపేరు చేసే అతనికి చూపించాను. పావుగంట చూసి, "ఎడిటింగ్ ఏం లేదు మేడం, ఒరిజినల్ ఉన్నది" అని తిరిగి ఇచ్చేశాడు. వాళ్ళమ్మకు ఫోన్ చేస్తే, నా దగ్గరికి వచ్చి తిను బిడ్డా అని పిలిచిందట. నేను తలకాయ ఊపానట. ఆమె విస్తరి వేసి తిరిగి చూసేసరికి లేనట.

బుధవారం క్యాంటీన్లో సింధు మిగతాది చెప్పింది. నా వంక చూడకుండా, చక్కెర కలిపిన టీనే మళ్ళీ కలుపుతూ చెప్పింది. "ఆ దినం పొద్దూకినంక పాప ఒక్కతీర్గ ఏడ్సింది. అమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిల ఏసింది. జరంత గూడ ఘాటు రాలే."

దిష్టి తీసిన మిరపకాయలు మంటలో ఘాటు రాకపోతే గట్టి కళ్ళే పడ్డాయని లెక్క. ఎవరి కళ్ళో తను అనలేదు. అనాల్సిన పని లేదు. చుట్టాలు, ఇరుగుపొరుగు, అంతమంది వచ్చి తిని వెళ్ళారు. తినకుండా వెళ్ళింది ఒక్కతే.

నాకు ఏడుపొచ్చింది. ఏమైనా అననీ, ఇరవై ఒక్క రోజుల పిల్ల మీద పడి ఏడ్చేదాన్నని ఆ ఇంట్లో అనుకుంటే నేను భరించలేను. ఆ ఇల్లు పోతే నాకు ఇక్కడ ఇంకో ఇల్లు లేదు. సింధు ఫోన్ లాక్కుని ఆ ఫోటో తెరిచాను. నా మొహం దగ్గరికి లాగి తన ముందు పెట్టాను. అందరూ పాప వైపు వంగి ఉన్నారు. నా కళ్ళు మాత్రం సూటిగా కెమెరా వైపే ఉన్నాయి. దవడ బిగుసుకుని ఉంది. ఆ చూపు నాకు తెలుసు. ఏడాది పాటు రోజూ పొద్దున ధర చూసుకున్న చూపు అది.

"పాపను జూడలేదే సింధు, ఒట్టు. నీ ఫోన్‌ను చూసిన. నువ్వు కొన్న దినం నుంచి కుళ్ళుకుంటున్న. ఆడ నిలబడి గూడ గదే చూసిన" అన్నాను.

సింధు ఆ ఫోటో వంకే చూస్తూ మెల్లగా అంది, "అంటే వచ్చినవ్ గద."

రిజిస్టర్ గురించి గానీ, యాదమ్మక్క గురించి గానీ చెప్పలేకపోయాను. చెప్పినా ఏం లాభం, నా నోటితో నేనే అనేశాను. సింధు ఫోన్ బ్యాగులో వేసుకుని, ఇద్దరి టీలకూ డబ్బులు కట్టి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఒకే ల్యాబ్‌లో పనిచేస్తున్నాం. పలకరిస్తే పలుకుతుంది. ఆదివారం తినడానికి రమ్మని మాత్రం మళ్ళీ అనలేదు. నేను కార్ట్‌లోంచి ఆ ఫోన్ తీసేశాను.

ఆ రోజు నేను అంబర్‌పేట్ వెళ్ళలేదు. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. మరి క్యాంటీన్లో ఆ మాట ఎందుకన్నానో తెలియదు. కోపంలో నోరు జారలేదు, అబద్ధం ఆడలేదు. ఆ మాట అంటున్నప్పుడు వాటర్ ట్యాంకు సిమెంటు చల్లదనం నా వీపుకు గుర్తుంది.