మైకక్క ఊపిరి

బస్టాండులో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు, ఆమెను చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఒక మూలనున్న అద్దాల గదిలో కూర్చుని వచ్చే బస్సు, పోయే బస్సు, ఆలస్యమైన బస్సు, తల్లి చెయ్యి వదిలిపెట్టి తప్పిపోయిన పిల్లలు, అన్నీ మైకులో చెప్పేది. డ్రైవర్లూ కండక్టర్లూ ఆమెను మైకక్క అనేవాళ్ళు.

చిన్నప్పటినుంచీ భారీ మనిషి. ఎవరైనా ఒక మాట అనకముందే తన మీద తానే జోకు వేసుకునేది. "నేను లోపల ఉంటే ఈ గదికి తలుపు అక్కర్లేదు" అని నవ్వించేది. క్షణం కుదురుగా ఉండే రకం కాదు. రెండు బస్సుల మధ్య కాస్త ఖాళీ దొరికితే తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచేది, సర్దిన బల్లనే మళ్ళీ సర్దేది. భర్తకు బస్టాండు వెనక సందులో పంచర్ల షాపుంది. రివటలా ఉంటాడు. ఆమె పది మాటలంటే అతను ఒకటి అంటాడు, అదీ ఆలోచించి.

ఆ ఏడాది ఎండలు ముదురుతున్నప్పుడు ఆమెకు కుడి డొక్కలో పోటు మొదలైంది. అన్నం తిన్న కాసేపటికి కత్తి దింపినట్టు వచ్చి, వీపులోకి పాకేది. భర్తకు చెప్పకుండా ఒక ఆసుపత్రికి వెళ్ళింది. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళని తేలింది. మామూలు తూకం మిషను ఆమె బరువు చూపించలేకపోయింది. దాంతో సామాను తూచే కాటాను వరండాలోకి లాక్కొచ్చి, అంతమంది ముందూ ఆమెను ఎక్కించారు. అంకెను ఒకరు గట్టిగా చదివితే ఇంకొకరు రాసుకున్నారు. లోపల డాక్టరు ఆమె వైపు చూడకుండానే, "ముందు సగం తగ్గి రండి, తర్వాత చూద్దాం" అన్నాడు.

"ఏ సగం సార్? పైదా, కిందదా?" అని నవ్వుతూ బయటికొచ్చింది. ఆసుపత్రి గోడ మలుపు తిరిగాక ఏడ్చింది.

తర్వాత నెలల తరబడి ఆ మాటే ఎత్తలేదు. పోటు వస్తే మాత్ర మింగేది. రాత్రి నిద్రపోయినా పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉండేది. మైకు ముందే కునుకు పట్టేది. ఆ కునుకు తెలియనివ్వకూడదని గదిలో అటూ ఇటూ తిరుగుతూ ప్రకటనలు చదివేది. ఒకరోజు మధ్యాహ్నం, "ప్రయాణికులకు ముఖ్య గమనిక" అన్నాక ఆ గమనికేమిటో రాలేదు. మైకులో మూలుగు వినిపించింది. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళంతా తలెత్తి స్పీకరు వైపు చూశారు. ఇద్దరు డ్రైవర్లు పరుగెత్తుకెళ్ళేసరికి ఆమె బల్లమీదికి వాలిపోయి ఉంది.

భర్త ఆమెను వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి సర్జను మందులతో పోటు తగ్గించి, ఆపరేషన్ తప్పదన్నాడు. "తేదీ పెట్టేముందు మా మత్తు డాక్టరమ్మ మీతో మాట్లాడాలి" అన్నాడు.

మళ్ళీ ఆ తూకమూ ఆ మాటలే ఉంటాయనుకుంది మైకక్క. డాక్టరమ్మ గది ముందు ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది. రెండుసార్లు లేచి మెట్లదాకా వెళ్ళి, భర్త మొహం చూసి వెనక్కొచ్చింది. లోపల నెరిసిన జుట్టున్న డాక్టరమ్మ చేతుల్లేని వెడల్పాటి కుర్చీ చూపించింది. తలుపు వేసి, నేలకు ఆనుకుని ఉన్న పెద్ద తూకం మీద నిలబడమంది. అంకెను పైకి చదవలేదు.

"ఇది మందు మోతాదు లెక్కకమ్మా, తిట్టడానికి కాదు. ఇంకోటి అడుగుతాను. గురక పెడతావా?"

"అబ్బే, లేదండీ."

"పగలు నిద్రొస్తుందా?"

"నాకా? ఒక్కచోట కూర్చోనే కూర్చోను."

భర్త నేల చూస్తున్నాడు. మైకక్క అతని కాలు తొక్కింది. డాక్టరమ్మ అది గమనించింది. "గురక నేరం కాదమ్మా. మత్తిచ్చాక నీ గొంతు దారి మూసుకుపోతుందా, తెరుచుకునే ఉంటుందా, అది నాకు ముందే తెలియాలి. నువ్వు దాస్తే కనుక్కోవడం నాకు కష్టం, ప్రాణం మీదికొచ్చేది నీకు."

అప్పుడు భర్త నోరు విప్పాడు. "గురక సంగతి వదిలేయండమ్మా, దానికి నేను అలవాటు పడ్డాను. గురక ఆగిపోతుంది చూడండి, అదీ భయం. ఊపిరి కూడా ఆగిపోతుంది. భుజం పట్టి కుదుపుతాను. గబుక్కున పీల్చుకుంటుంది, మళ్ళీ నిద్రపోతుంది. మళ్ళీ ఎప్పుడాగుతుందోనని నేను వింటూ పడుకుంటాను."

"ఎప్పటినుంచి?" అంది మైకక్క. డాక్టరమ్మ అడగాల్సిన ప్రశ్న అది.

"చాలా ఏళ్ళయింది."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు నిద్రపోవుగా."

షాపులో అతను టైరుకు ఆనుకుని కునికితే బద్ధకమని ఎన్నిసార్లు ఎత్తిపొడిచిందో ఆమెకు గుర్తొచ్చింది.

నిద్ర పరీక్షలో అతను చెప్పింది నిజమని తేలింది. ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే చిన్న మిషను ఇచ్చారు. కొన్ని వారాలు దానితో నిద్రపోయాకే ఆపరేషన్ అన్నారు. మొదటి రాత్రే పీకి మంచం కిందకు విసిరింది. "ఇది మిషను కాదు, నా మొహం మీద కూర్చున్న పిల్లి" అంది. భర్త దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ ఇచ్చాడు. కొన్నాళ్ళు పోట్లాడుకున్నారు, ఆమే మాట్లాడింది కాబట్టి పోట్లాడింది అనాలి. ఒకరోజు పొద్దున లేచేసరికి తల తేలిగ్గా ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు కానీ మిషను వైర్లకు ముడి పడకుండా తనే చుట్టిపెట్టింది.

ఇక మిగిలింది గొంతు భయం. మత్తిచ్చాక గొంతులోకి గొట్టం వేస్తారని విన్నప్పటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. "బొంగురు పోతే నన్నెవరు పనిలో పెట్టుకుంటారు?" అని డాక్టరమ్మను కలిసినప్పుడల్లా అడిగేది. "కొన్ని రోజులు బొంగురుగా ఉండొచ్చు. ఎప్పటికీ పోవడం చాలా అరుదు. అసలు ఉండదని మాత్రం మాటివ్వలేను" అంది డాక్టరమ్మ. అలా దాచకుండా చెప్పాకే కాస్త నమ్మకం కలిగింది.

ఆపరేషన్ రోజు నర్సు ఆమెను బల్ల మీదికి ఎవరితోనూ ఎత్తించలేదు. "మెలకువగా ఉన్నప్పుడే మీరే సర్దుకుని పడుకోండి, ఎక్కడ ఒత్తుకుంటోందో మీకే తెలుస్తుంది" అంది. బల్లకు ఇరువైపులా పలకలు జోడించి వెడల్పు చేశారు. భుజాల కిందా తల కిందా మడతపెట్టిన దుప్పట్లు పేర్చి, సగం కూర్చున్నట్టు ఎత్తు చేశారు. పొట్ట బరువు ఛాతీ మీద పడకుండా అన్నమాట. రక్తం గడ్డకట్టకుండా పిక్కలకు గాలి పట్టీలు చుట్టారు. అవి బిగుస్తూ వదులుతూ ఉంటే, "మా ఆయన షాపులో గాలి మిషను ఇక్కడికీ వచ్చిందే" అంది. డాక్టరమ్మ మాస్కు పట్టుకుని, "గట్టిగా పీల్చు, మైకక్కా" అంది.

ఆపరేషన్ బాగానే అయింది. అసలు గండం ఆ సాయంత్రం వార్డులో వచ్చింది.

తల వైపు మంచం ఎత్తి, ముక్కుకు ఆమె మాస్కే పెట్టి పడుకోబెట్టారు. వేలికి తగిలించిన క్లిప్పు పక్కనే ఉన్న చిన్న పెట్టెలో ఒంట్లోని ఆక్సిజన్ అంకెలు చూపిస్తోంది. భర్త టీ తాగడానికి కిందికి దిగాడు. అప్పుడే ఊరినుంచి వచ్చిన పెద్దమ్మ, మైకక్కను పెంచిన మనిషి, పక్కన కూర్చుంది. నొప్పి మందుకు మైకక్క మగతగా మూలుగుతోంది. పెద్దమ్మ మనసు ఆగలేదు. "ఈ ముక్కుతాడేంటి, పిల్లకు ఊపిరాడొద్దూ" అని మాస్కు తీసేసింది. మంచం హ్యాండిల్ తిప్పి వెల్లకిలా పడుకోబెట్టింది. మూలుగు ఆగింది. అమ్మయ్య, హాయిగా నిద్రపట్టింది అనుకుని, కుదుపుకు వేలి నుంచి జారిన క్లిప్పును కూడా పక్కన పెట్టేసింది.

భర్త గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాడు. ఆ నిశ్శబ్దం అతనికి తెలుసు. గ్లాసు కింద పడేసి, "సిస్టర్!" అని అరిచాడు. అంత గట్టిగా అరవడం పెద్దమ్మ ఎన్నడూ వినలేదు. నర్సు వచ్చేలోపే అతను భుజం పట్టి కుదిపాడు. ఈసారి ఆమె వెంటనే పీల్చుకోలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సు గడ్డం పైకెత్తి ఊపిరి దారి తెరిచి, ఆక్సిజన్ పెట్టి, మంచం తల వైపు లేపించింది. మైకక్క పెద్ద శబ్దంతో ఊపిరి తీసుకుంది.

డాక్టరమ్మ వచ్చి నొప్పి మందు మార్చింది, మగత తెప్పించని మందును ఎక్కువ చేసి, తెప్పించేదాన్ని తగ్గించింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "నా చేతులతో నేనే…" అంటోంది. నర్సు ఆమెను కసరలేదు. "తప్పు మాది కూడా పెద్దమ్మా, మీకు ముందే చెప్పాల్సింది. ఇలా మంచం ఎత్తుగా ఉండాలి, నిద్రపోతే మాస్కు ఉండాలి, ఈ క్లిప్పు తీయకూడదు. ఇక మీరే కాపలా" అంది. ఆ తర్వాత పెద్దమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. పరామర్శకు వచ్చిన వాళ్ళను కూడా మంచం మీద చెయ్యి వేయనివ్వలేదు.

కాస్త తేరుకోగానే మైకక్కను లేపి నడిపించారు. "కుట్లు ఊడిపోతాయి!" అంది మైకక్క, బొంగురుగా. తన గొంతు తనకే వినిపించి కళ్ళు పెద్దవి చేసింది. నర్సు ఒకవైపు, భర్త ఒకవైపు. తలుపుదాకా వెళ్ళి, ఆయాసంతో ఆగి, "ఇంకాస్త" అంది తనే. మంచంలో పడుండటం కంటే ఆమెకు అదే నయం.

ఇంటికొచ్చాక వారం పైన పట్టింది గొంతు తేరుకోవడానికి. ఆ రోజుల్లో ఆమె ఇంట్లో ఎవరినీ ప్రశాంతంగా ఉండనివ్వలేదు. వంటగదిలో, స్నానాలగదిలో, వీధి గుమ్మంలో బస్సుల పేర్లు చదివి చూసుకునేది. బస్టాండులో మళ్ళీ మైకు పట్టిన రోజు ఒక కండక్టరు ఈల వేశాడు. దానికామె మైకులోనే, "ఈలలు ఆపి బస్సు తీయండి" అంది.

బరువు కొంత తగ్గింది, మళ్ళీ కొంత వచ్చింది. మోకాళ్ళు ఇంకా నొప్పే. బరువు తగ్గించే ఆపరేషన్ కూడా ఒకటుందని సర్జను చెప్పినప్పటినుంచి ఆమెకు నిలకడ లేదు. పొద్దున వద్దంటుంది, సాయంత్రం ఎందుకు వద్దో భర్తనే అడుగుతుంది. "నీ ఇష్టం" అంటాడు. "అలా అంటే కొడతాను" అంటుంది.

కిందటి వారం డ్యూటీ మధ్యలో ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ గది బయట కూర్చోలేక రెండుసార్లు లేచి, మూడోసారి తలుపు తట్టింది.

"డాక్టరమ్మా, ఆ ఆపరేషన్ గురించి మొత్తం చెప్పండి. మంచీ చెప్పండి, చెడూ చెప్పండి. మధ్యలో లేచి తిరుగుతాను, ఏమీ అనుకోకండి."